కంప్యూటర్ పరీక్షలో నెగ్గిన పాప బడిలో ఎందుకు వెనకబడుతోంది?

ఒడిశాలోని రాయగడ జిల్లా నుంచి ఒక తల్లి రాసిన పొడవైన ఉత్తరం సారాంశం ఇది. వారి అమ్మాయికి ఎనిమిదేళ్లు, మూడో తరగతి చదువుతోంది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు. రెండో తరగతి నుంచీ టీచర్లు డైరీలో ఒకే రకం ఫిర్యాదు రాసి పంపుతున్నారు. బోర్డు మీది పాఠం సగం రాసి ఆపేస్తుంది, పిలిస్తే ఉలిక్కిపడుతుంది, పెన్సిలూ రబ్బరూ రోజూ పోగొట్టుకుంటుంది. ఇంట్లో ఉప్పు డబ్బా తెమ్మని పంపితే వంటింటి కిటికీ దగ్గర నిలబడి బయట మేకల్ని చూస్తూ ఉండిపోతుంది. అల్లరి మాత్రం చెయ్యదు. అదే పాప ధనుర్మాసంలో వాకిట్లో 15 చుక్కల ముగ్గును గంటసేపు కదలకుండా, ఒక్క చుక్క తప్పకుండా వేస్తుంది. ‘గుంటకి నాలుగో ఏట మలేరియా మెదడుకెక్కి ఫిట్సు వచ్చినాయి కదా, అప్పట్నించే ఇలాగుంటాది’ అని నాయనమ్మ అంటారు. ఇదంతా బద్ధకమేనని, ట్యూషన్ పెడితే సరిపోతుందని తండ్రి అంటారు.

కిందటి నెల పాపను ఒక నగరంలోని ప్రైవేటు కేంద్రానికి తీసుకెళ్లి ఒక పూటంతా పరీక్షలు చేయించారు. పరీక్షించినవారు పాపతో ఇంగ్లీషులోనూ ఒడియాలోనూ మాట్లాడారు. కంప్యూటర్ మీద చేసిన శ్రద్ధ పరీక్షలో ఫలితం ‘సాధారణం’ అని, తెలివితేటల పరీక్షలో మాటలకు సంబంధించిన భాగంలో 76, చేతలకు సంబంధించిన భాగంలో 95, మొత్తం మీద 85 అని, కాబట్టి ఏడీహెచ్‌డీ (శ్రద్ధలోపం, అతిచురుకుదనం సమస్య) లేదని, పాప ‘నిదానంగా నేర్చుకునే బిడ్డ’ అని రిపోర్టు ఇచ్చారు. నలభై సెషన్ల బ్రెయిన్ ట్రైనింగ్ తీసుకోమని సలహా కూడా రాశారు. బడివారేమో మూడో తరగతే మళ్లీ చదివిస్తామంటున్నారు. మళ్లీ పరీక్ష చేయించాలా, చేయిస్తే ఎక్కడ, ఆ ట్రైనింగుకు డబ్బు కట్టాలా, బడికి ఏం చెప్పాలి అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, మీరు జతచేసిన రిపోర్టును శ్రద్ధగా చదివాను. అందులోని అంకెలను నేను తప్పుపట్టడం లేదు. కానీ పాప శ్రద్ధ ఏ పనిలో నిలుస్తోంది, ఎక్కడ తెగుతోంది, ఏ భాషలో తెగుతోంది, ఎప్పటినుంచి తెగుతోంది అన్నవి మీకు కావలసిన సంగతులు. వీటిలో ఒక్కదానికీ అందులో జవాబు లేదు. రెండు పరీక్షల అంకెలు పెట్టి, వాటి మీద ఒక పెద్ద నిర్ణయం నిలబెట్టారు. ఆ నిర్ణయాన్ని మోసే బలం ఆ అంకెలకు లేదని నేను నమ్ముతున్నాను.

ముందు కంప్యూటర్ పరీక్ష సంగతి. తెర మీద అక్షరాలు ఒకటొకటిగా వస్తుంటాయి, ఒక అక్షరం వచ్చినప్పుడు తప్ప మిగిలిన ప్రతిసారీ బటన్ నొక్కాలి. ఎక్కువగా వాడే పద్ధతిలో ఇది 14 నిమిషాల పాటు సాగుతుంది. నొక్కాల్సినప్పుడు నొక్కకపోతే శ్రద్ధ జారిందని, నొక్కకూడనప్పుడు నొక్కితే తొందరపాటని, నొక్కే వేగం ఒక్కోసారి ఒక్కోలా ఉంటే నిలకడ తగ్గిందని లెక్క కడతారు. ఉపయోగకరమైన పరీక్షే, 1950ల నుంచీ రకరకాల రూపాల్లో వాడుకలో ఉంది. అయితే అది జరిగే చోటు ఎలాంటిదో చూడండి. నిశ్శబ్దంగా ఉన్న గది, పక్కనే కూర్చున్న ఒక పెద్దమనిషి, ఎప్పుడూ చూడని కొత్త యంత్రం, మధ్యలో మాట్లాడించే పిల్లలెవరూ లేరు. బయటికి వచ్చాక పాప ‘ఆట బాగుందమ్మా’ అందని మీరే రాశారు. శ్రద్ధలోపం ఉన్న పిల్లలు చాలామంది ఇలాంటి గదిలో చక్కగా నెట్టుకొస్తారు, యాభై మంది ఉన్న తరగతిలో మూడో పీరియడుకే చెదిరిపోతారు. పని చేస్తున్నంతసేపూ విషయాన్ని మనసులో నిలుపుకునే జ్ఞాపకశక్తినీ, ఆగి ఆలోచించే శక్తినీ కొలిచే ఏ ఒక్క పరీక్షను తీసుకున్నా, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో చాలామంది మామూలు పరిధిలోనే నిలుస్తారు. ఏడీహెచ్‌డీ లేని పిల్లల్లో కొందరు ఆ పరిధి దాటి కిందికి పోతారు. అందువల్ల ఈ పరీక్ష ఒక్కటే ఏడీహెచ్‌డీ ఉందనీ చెప్పలేదు, లేదనీ చెప్పలేదు.

మరి నిర్ధారణ దేని మీద జరుగుతుంది? రక్తపరీక్ష మీద కాదు, స్కానింగు మీదా కాదు. 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5 (అమెరికా మానసిక వైద్యుల సంఘం ప్రచురించిన గ్రంథం) ప్రమాణాలను చాలామంది డాక్టర్లు అనుసరిస్తారు. అందులో శ్రద్ధకు సంబంధించి తొమ్మిది, అతిచురుకుదనానికీ తొందరపాటుకూ సంబంధించి తొమ్మిది లక్షణాలున్నాయి. పిల్లల్లో ఏదో ఒక వర్గంలోనైనా కనీసం ఆరు ఉండాలి. అవి ఆరు నెలలకు పైగా సాగాలి, కొన్నయినా 12 ఏళ్ల లోపే మొదలై ఉండాలి, ఇల్లూ బడీ వంటి కనీసం రెండు చోట్ల కనబడాలి, బిడ్డ చదువునో స్నేహాలనో నిజంగా దెబ్బతీస్తూ ఉండాలి. దీన్ని తేల్చేది తల్లిదండ్రులతో కూర్చుని చేసే సుదీర్ఘమైన సంభాషణ, టీచరు నింపి ఇచ్చే ప్రశ్నపత్రం. ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల కోసం మన దేశంలోనే ఇన్‌క్లెన్ అనే పరిశోధకుల బృందం తయారుచేసిన పరికరం ఒకటి ఉంది, వాండర్‌బిల్ట్ ప్రశ్నపత్రం కూడా వాడతారు. మీ పాప విషయంలో టీచరును ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదని మీ ఉత్తరాన్ని బట్టి తెలుస్తోంది. నాకు అన్నిటికంటే పెద్ద లోటుగా కనిపించింది ఇదే. బడిలో మొదలైన ఫిర్యాదును బడిని అడగకుండానే కొట్టిపారేశారు.

పాప అల్లరి చెయ్యదు కాబట్టి ఏడీహెచ్‌డీ అన్న ఆలోచనే అక్కర్లేదని మీవారు అంటున్నారని రాశారు. అల్లరి లేకుండా శ్రద్ధ మాత్రమే జారిపోయే రకం కూడా ఏడీహెచ్‌డీలో ఉంది. ఆడపిల్లల్లో అది ఎక్కువగా ఎవరి కంటా పడకుండా పోతుంది, ఎందుకంటే మూల బెంచీలో నెమ్మదిగా కూర్చున్న పిల్లతో ఎవరికీ ఇబ్బంది ఉండదు. అలాగే ముగ్గు. గంటసేపు ముగ్గు వెయ్యగలిగిన బిడ్డకు శ్రద్ధ లేదని ఎలా అంటారని మీరు అడిగారు. ఇష్టమైన పనిలో, చేసిన ప్రతి గీతకూ ఫలితం వెంటనే కంటికి కనిపించే పనిలో, ఈ పిల్లల శ్రద్ధ నిలబడటం మామూలే. ఇష్టం లేని పనికి, ఫలితం రేపో ఎల్లుండో వచ్చే పనికి మనసును తమంతట తాము మళ్లించుకోవడం వీళ్లకు కష్టం. కాబట్టి ముగ్గు ఏడీహెచ్‌డీని కొట్టెయ్యదు. కానీ నాకు ఆ ముగ్గు మరో విషయం గట్టిగా చెబుతోంది. చుక్కల వరసలు గుర్తుపెట్టుకుని, గీత ఎటు తిరిగి ఎక్కడ కలవాలో ముందే ఊహించుకుని, తప్పు లేకుండా ముగించే పిల్లను ‘నిదానంగా నేర్చుకునే బిడ్డ’ అని ముద్ర వేసేముందు పరీక్షించినవారు ఒక్క క్షణం ఆగి ఉండవలసింది.

దాంతో ఆ 85 దగ్గరికి వస్తాను. ఈ పరీక్షల్లో సగటును 100గా పెడతారు, మూడింట రెండొంతుల మంది పిల్లలు 85కూ 115కూ మధ్య ఉంటారు. పైగా ఏ అంకెకైనా కొన్ని పాయింట్లు అటూ ఇటూ తేడా ఉండనే ఉంటుంది. అసలు చూడాల్సింది మొత్తం అంకెను కాదు, 76కూ 95కూ మధ్య ఉన్న దూరాన్ని. రిపోర్టులో పేర్కొన్న మాలిన్స్ తెలివితేటల పరీక్ష నాగపూర్‌లో రూపొంది 1969 నాటికి వాడుకలోకి వచ్చిన పాత పరికరం, దాని సగటులు ఆనాటి పిల్లలవి. మాటల భాగంలో పదాల అర్థాలు, లోకజ్ఞానం, నోటి లెక్కలు అడుగుతారు. బొమ్మలు కలపడం, దిమ్మెలు పేర్చడం, దారి కనుక్కోవడం వంటివి చేతల భాగంలో ఉంటాయి. తెలుగులో ఆలోచించే ఎనిమిదేళ్ల పిల్లను ఇంగ్లీషులోనూ ఒడియాలోనూ పదాల అర్థాలు అడిగితే ఆ 76 తెలివిని ఎంత కొలిచిందో, భాషను ఎంత కొలిచిందో విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు. భాష అక్కర్లేని చోట మీ పాప 95 తెచ్చుకుంది, అంటే సగటు పిల్లల్లో ఒకతె. ఆ రెండింటినీ కలిపి ఒకే అంకె చెయ్యడం వల్ల ఆమె బలమూ కనిపించకుండా పోయింది, ఇబ్బందీ కనిపించకుండా పోయింది.

అంకెలు విని తిరిగి చెప్పే చిన్న పరీక్షలో కూడా భాష దూరుతుంది. ‘నాలుగు, తొమ్మిది, ఎనిమిది, రెండు’ అని మనసులో తిప్పుకోవడానికి పట్టే సమయం, అవే అంకెలను ఇంగ్లీషులో తిప్పుకోవడానికి పట్టే సమయం కంటే ఎక్కువ. పలకడానికి పొడుగ్గా ఉండే అంకెలు తక్కువ సంఖ్యలో గుర్తుంటాయని వెల్ష్, ఇంగ్లీషు రెండూ మాట్లాడేవారి మీద జరిగిన పరిశోధన 1980లోనే చూపించింది. మీ పాప బడిలో ఇంగ్లీషు అంకెలు నేర్చుకుని, ఇంట్లో తెలుగులో లెక్కపెట్టుకుంటుందేమో గమనించండి. ఈసారి పరీక్షించేవారికి ఆ సంగతి ముందే చెప్పండి. మూడు భాషల మధ్య పెరిగే మన సరిహద్దు పిల్లల విషయంలో ‘ఏ భాషలో పరీక్షిస్తారు?’ అన్నది ఫీజు కంటే ముందు అడగవలసిన ప్రశ్న.

ఇక నాయనమ్మ మాట. దయచేసి దాన్ని పెద్దవాళ్ల ఊహగా పక్కన పెట్టకండి. ఫాల్సిపారం మలేరియా మెదడుకు సోకి, ఫిట్సు వచ్చి, స్పృహ తప్పిన పిల్లల్లో కొందరికి ఆ ప్రభావం ఏళ్ల తరబడి ఉంటుంది. ఉగాండాలో 5 నుంచి 12 ఏళ్ల పిల్లలను పరిశీలించినప్పుడు, అలా కోలుకున్నవారిలో దాదాపు నాలుగో వంతు మందికి రెండేళ్ల తరువాత కూడా మేధాసామర్థ్యాల్లో ఏదో ఒక లోటు కనిపించింది. అందులో ఎక్కువగా దెబ్బతిన్నది శ్రద్ధ. మిగిలిన ముప్పాతిక మందిలో అలాంటి లోటు కనిపించలేదని కూడా గుర్తుంచుకోండి, కాబట్టి ఇదే కారణమని తీర్మానించుకోవద్దు. ఆసుపత్రిలో ఇచ్చిన డిశ్చార్జి కాగితం ఇంట్లో ఉంటే వెతికి తియ్యండి. ఎన్నాళ్లు స్పృహలో లేదు, ఫిట్సు ఎన్నిసార్లు వచ్చాయి అన్నవి అందులో ఉంటాయి. జ్వరానికి ముందు, అంటే అంగన్‌వాడీకి వెళ్లే రోజుల్లో, పాప ఎలా ఉండేదో మీరూ అత్తగారూ కూర్చుని గుర్తుచేసుకుని రాయండి. అప్పుడు కూడా ఇలాగే ఉండేదంటే డాక్టరు ఒక దారిలో ఆలోచిస్తారు, జ్వరం తరువాతే మారిందంటే మరో దారిలో ఆలోచిస్తారు. బడిలో పాపకు కావలసిన సాయం రెండు దారుల్లోనూ ఒకటే కావచ్చు, కానీ వైద్యపరంగా కనిపెట్టి ఉండవలసినవి వేరు.

ఎందుకంటే మీరు రాసిన ఆ కిటికీ దగ్గరి సంగతి నన్ను కొంచెం ఆలోచింపజేసింది. పగటికలలు కనే పిల్లను భుజం మీద తట్టి పేరు పెట్టి పిలిస్తే వెంటనే ఈ లోకంలోకి వస్తుంది. అలా కాకుండా తట్టినా పలకకుండా, చూపు నిలిచిపోయి, కనురెప్పలు సన్నగా అదురుతూ, పది పదిహేను సెకన్ల తరువాత ఏమీ జరగనట్టు మళ్లీ పనిలో పడితే, అది శ్రద్ధ జారడం కాదు, ఒక రకం ఫిట్సు కావచ్చు. మలేరియాతో ఫిట్సు వచ్చిన బిడ్డలో దీన్ని తప్పకుండా చూడాలి. ఈసారి అలా నిలబడినప్పుడు తట్టి చూడండి, వీలైతే ఫోనులో వీడియో తియ్యండి, ఆ వీడియో డాక్టరుకు ఎంతో పనికొస్తుంది. ఇలాంటి అనుమానం ఉన్నప్పుడు చేసే ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష) అవసరమైనదే. ఏడీహెచ్‌డీని పట్టుకుంటామంటూ ‘బ్రెయిన్ మ్యాపింగ్’ పేరుతో చేసేదాన్ని దీనితో కలపకండి, దాని ఆధారంగా ఏడీహెచ్‌డీని నిర్ధారించడం నమ్మదగిన పద్ధతి కాదు. వేలిముద్రలు తీసుకుని తెలివితేటలు చెబుతామనేవారికి శాస్త్రీయమైన ఆధారమే లేదు. చూపు, వినికిడి, రక్తహీనత, సికిల్ సెల్ అనే రక్తకణాల జబ్బు, రాత్రి గురక పెట్టి నిద్ర చెడటం వంటివి ఏ పిల్లల డాక్టరైనా చూడగలరు, అవి ముందు పూర్తిచెయ్యండి.

ఎక్కడికి వెళ్లాలన్నదానికి మీకు మూడు నాలుగు దారులున్నాయి, ఒక్కోదానికి ఒక్కో ఖర్చు ఉంది. జిల్లా కేంద్ర ఆసుపత్రుల్లోని డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యలను తొలిదశలోనే చూసే కేంద్రం) అన్నిటికంటే దగ్గర. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలను అక్కడ ఉచితంగా చూడాలి, ఏడీహెచ్‌డీ కూడా ఆ జాబితాలో ఉంది. ప్రాథమిక పరీక్షలకూ పైకి రిఫర్ చేయించుకోవడానికీ అది మంచి మొదటి మెట్టు, కానీ పిల్లల మనస్తత్వ నిపుణులు అక్కడ ఎప్పుడూ ఉంటారని ఆశించవద్దు. కొరాపుట్ వైద్య కళాశాలకు రైలు ఉంది. బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాలలో మానసిక వైద్య విభాగం పాతది, ఊళ్లో తెలుగువారు ఎక్కువ కాబట్టి తెలుగు తెలిసిన సిబ్బంది దొరకవచ్చు, ఒడిశాలోనే ఉంటుంది కాబట్టి కాగితాలు మీ జిల్లాలో పనికొస్తాయి. విశాఖపట్నం వెళితే భాష సమస్య పూర్తిగా తీరుతుంది, పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా రైలు నేరుగా ఉంది, మానసిక వైద్యశాలా కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లోని పిల్లల విభాగమూ ఒకే ఊళ్లో ఉన్నాయి. ఫిట్సు అనుమానం నిజమైతే ఇది పెద్ద సౌలభ్యం. అయితే ప్రతిసారీ ఒక రోజు జీతం, ఒక రోజు బడి పోతాయి. ఒకవేళ మందులు మొదలైతే వాటిలో కొన్ని నియంత్రణలో ఉన్నవి, ప్రతి మందుల షాపులో దొరకవు, అందుకు మళ్లీ మళ్లీ వెళ్లవలసి రావచ్చు. నేను మీ స్థానంలో ఉంటే ముందు జిల్లాలో శరీర పరీక్షలు పూర్తిచేసుకుని, ఒకసారి విశాఖ వెళ్లి తెలుగులో పూర్తి అంచనా వేయించి, ఆ తరువాత చూపించుకోవడం దగ్గర్లో పెట్టుకునేదాన్ని. కానీ మీ ఇంటి పరిస్థితి మీకు తెలుసు. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కు ఫోన్ చెయ్యవచ్చు, అది కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు.

కొన్నాళ్లు ఆగి చూడటం కూడా ఒక దారే, దాన్ని నేను తీసిపారెయ్యను. చూపు నిలిచిపోయే సంగతిని మాత్రం ఆపవద్దు. మిగతాది ఒక టర్మ్ ఆగినా పాపకు పెద్ద నష్టం లేదు, ఆ టర్మ్‌లో బడి సహకరిస్తేనే సుమా.

నలభై సెషన్లకు ఇప్పుడు డబ్బు కట్టకండి. కంప్యూటర్ ఆటలతో జ్ఞాపకశక్తికి సాధన చేయిస్తే పిల్లలు ఆ ఆటల్లో మెరుగవుతారు, అది బడి చదువులోకి పెద్దగా పాకదని చాలా పరిశోధనలు చూపించాయి. పైగా ఏడీహెచ్‌డీ లేదని రాసిన చేతే శ్రద్ధకు చికిత్స రాయడంలో పొందిక నాకు కనిపించలేదు. ఆ డబ్బు ప్రయాణాలకు ఉంచుకోండి.

బడి విషయంలో మీకు తెలియవలసిన చట్టం ఒకటుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం మూడో తరగతి పిల్లను అదే తరగతిలో ఆపకూడదు. 2019 సవరణ తరువాత కూడా ఆపే అవకాశం అయిదు, ఎనిమిది తరగతుల్లోనే ఉంది. దీన్ని తగవు పెట్టుకోవడానికి వాడకండి, హెడ్‌మిస్ట్రెస్ గారితో నెమ్మదిగా చెప్పండి. అడగవలసినవి చిన్నవే. ముందు బెంచీలో కూర్చోబెట్టడం, బోర్డు మీది పాఠాన్ని సగం సగంగా చేసి ఇవ్వడం, ఒకసారి ఒకే సూచన ఇవ్వడం, డాక్టరు ఇచ్చే లక్షణాల ప్రశ్నపత్రాన్ని క్లాస్‌టీచరు నిజాయితీగా నింపడం. సర్టిఫికెట్ తెమ్మంటే తొందరపడవద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో ఏడీహెచ్‌డీ విడిగా లేదు, చదవడం, రాయడం, లెక్కలకు సంబంధించిన అభ్యసన వైకల్యం ఉంది. పాపకు ఎనిమిదేళ్లు నిండాయి కాబట్టి దాన్ని కూడా ఈ అంచనాలోనే చూడమని అడగండి. అయితే అది ఏ భాషలో చదవడంలో అన్నది మళ్లీ అదే ప్రశ్న. ఇంగ్లీషులో మాత్రమే తడబడే పిల్లకు అభ్యసన వైకల్యం ఉందని అనలేము.

మీవారి సంగతి. బద్ధకమన్న మాట పాప వినే చోట అనవద్దని ఆయనను గట్టిగానే కోరండి. అంతకు మించి వాదించకుండా, ఒక చిన్న పని ఆయనకే అప్పగించండి. రెండు వారాల పాటు రోజూ సాయంత్రం హోంవర్కు దగ్గర ఆయన కూర్చుని, ఏ సబ్జెక్టులో ఎంతసేపటికి చెదిరింది, ఏం చేస్తే తిరిగి వచ్చింది, తెలుగులో చెప్పినప్పుడు తేడా కనిపించిందా అని ఒక నోటుబుక్కులో రాయమనండి. పక్కన మీరు కిటికీ దగ్గరి సంగతులు తేదీతో సహా రాయండి. ఆ పుస్తకం, డైరీ పేజీలు, పాప సగం రాసిన నోట్సు, ఆ పాత రిపోర్టు, డిశ్చార్జి కాగితం అన్నీ ఒకే సంచిలో పెట్టుకుని వెళ్లండి. పాత రిపోర్టును దాచకండి, అదే పరీక్షను కొద్ది నెలల్లో మళ్లీ పెడితే పాపకు ప్రశ్నలు గుర్తుండి అంకె పెరగవచ్చు కాబట్టి పరీక్షించేవారికి అది తెలియాలి. వెళ్లే ముందు రాత్రి పాపను తొందరగా పడుకోబెట్టండి. ‘నీకు ఏది తేలికో, ఏది కష్టమో డాక్టరమ్మ చూస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు, రాకపోతే రాలేదని చెప్పొచ్చు’ అని చెప్పండి. రాత్రి రైల్లో నిద్రలేక, టిఫిన్ తినక నీరసంగా ఉంటే పరీక్షను మరో రోజుకు మార్చమని అడగడానికి మొహమాటపడకండి. అంచనా పూర్తయ్యాక అంకెల కాగితం తీసుకుని వచ్చెయ్యకుండా, మీ ఇద్దరినీ కూర్చోబెట్టి ఏం కనిపించిందో, బడిలో ఏం మార్చాలో తెలుగులో వివరించమని, బడికి ఇవ్వడానికి ఒక పేజీ ఇంగ్లీషులోనో ఒడియాలోనో రాసివ్వమని ముందే చెప్పి ఉంచండి.